వీపున తగిలిన ఈటె

క్రేనా
ద్రాక్ష తొక్కే నెల, పున్నమి దాటిన మూడో రోజు

ఒరేయ్ దామాస్,

నీ మేనమామ స్మికోన్ రాస్తున్నాను. మోకాలు తప్ప అన్నీ పనిచేస్తున్నాయి. మీ మిర్తో అత్త కులాసాగానే ఉంది. ఈ ఏడు ద్రాక్షరసం పుల్లగా దిగిందని పొద్దున లేచింది మొదలు నన్నే తిడుతోంది, నేనేదో తొట్టిలో ఉమ్మినట్టు. ఈ నాలుగు పెంకులూ ఆవిడ కోపంలో పగిలిన కుండవే. అంచున గీతలు గీశాను, వరస తప్పకుండా చదువు. పోయినసారి మూడో పెంకు ముందు చదివి మన మేక చచ్చిపోయిందని బెంగపెట్టుకున్నావట. చచ్చింది పక్కింటి మేక, దానికీ వయసైపోయింది.

ఇక అసలు సంగతి. ఓర్థియా ఊరివాళ్ళు మన థెరిమోస్ తాత తమవాడంటున్నారు. వాళ్ళ పెద్ద త్రాసోన్ రాతిబొమ్మ చెక్కించాడు. ఆరడుగులు, చేతిలో ఈటె, గుండెల్లో గాయం, దానికి ఎర్రరంగు. పోయిన నెలదాకా ఆ ఊళ్ళో తాత పేరు ఎత్తినవాడు లేడు. ఇప్పుడు బొమ్మ చూపించి, "మా వీరుడి ఎముకలు ఆ కొండమీది పల్లెలో ఎందుకు పడుండాలి, తవ్వి మాకివ్వండి" అని తొమ్మిదూళ్ళ పెద్దలకి ఫిర్యాదు పెట్టాడు. వసంతంలో హేరా తల్లి పండుగలో తీర్పు. ఓడిపోతే తాత ఎముకలు పెట్టెలో పెట్టి పట్టుకుపోతారు. మా తాతల తాతల నుంచి ఆ సమాధి మీద ద్రాక్షరసం పోసేది మన ఇల్లే. నా చేతుల్లో ఆ మాట పోతే నేను మొహం ఎక్కడ పెట్టుకోను?

నువ్వున్నావని ధైర్యం. పెద్ద యుద్ధపు పాటలో తాత పేరుందిగా. నువ్వు ఇంటికొచ్చినప్పుడల్లా పాడతావే, "ఊటల నేలవాడు థెరిమోస్ ఏటి గట్టున ఒరిగెను" అని. ఊటల నేలంటే మన ఊరేగా, ఆ ముక్క పండుగలో పెద్దల చెవిన పడాలి. దాని పక్కన నీ సొంతంగా నాలుగు ముక్కలు చేర్చు. ఏడుగురిని చంపాడని చెప్పు. పదిమందంటే నమ్మరు.

అత్తిపళ్ళు ఎండబెట్టి ఉంచింది మీ అత్త. నువ్వొస్తే గాని నన్ను ముట్టుకోనివ్వదట.

నీ మామ


ఖాల్కిస్ రేవు
విత్తనాల నెల, అమావాస్య

మామయ్యకి,

పెంకులు నాలుగూ వరసలోనే చదివాను. రెండోది దారిలో ఇంకా రెండు ముక్కలైంది గాని అర్థమైంది. నేను సీసపు రేకు మీద రాస్తున్నాను, చదివాక పారేయకు. కరిగించి అత్త వలకి బరువులు చేసుకోవచ్చు.

నువ్వడిగింది కుదరదు మామయ్యా. పండుగ పోటీలో ఒకడు ఆపినచోట ఇంకొకడు అందుకోవాలి, ఎవరికి ఏ భాగమో చీటీ వేసి తీస్తారు. లేని మాట ఒక్కటి చేర్చినా న్యాయనిర్ణేతలు కర్ర నేలకి కొడతారు. ఆ చప్పుడు విన్న పాటగాణ్ణి మళ్ళీ ఏ ఊరూ పిలవదు. ఏడుగురిని చంపించబోతే ఎనిమిదోవాణ్ణి నేనే అవుతాను.

ఇంకో మాట. తీర్పుకి పాటని ఆధారం చేయకండి. సమాధి రాళ్ళు ఎంత పాతవో చూపించండి, ముసలివాళ్ళని మాట్లాడించండి. పాట ఎందుకులే. ఆ ముక్క పాడేవాళ్ళే తక్కువ, అందరూ దాన్ని దాటేసి పెద్ద వీరుల దగ్గరకి పరుగెడతారు. అదలా మరుగున ఉండటమే మంచిది.

ఇక్కడ సముద్రం గాలికి గొంతు బొంగురుపోయింది. తేనె, థైమ్ ఆకు కలిపి తాగుతున్నాను. ఎర్ర అంచు దుప్పటి ఒకటి బహుమతిగా వచ్చింది, చలికి బాగుంది. అత్తిపళ్ళలో సగం మామయ్యకి ఇవ్వమని అత్తతో నేను చెప్పానని చెప్పు.

దామాస్


క్రేనా
చలి మొదలైన నెల, పున్నమికి రెండు రోజుల ముందు

దామాస్‌కి,

"ఒరేయ్" అని రాయబుద్ధి కావట్లేదు. అలా పిలవడానికి మనవాడై ఉండాలి.

ఉప్పమ్మే డెక్సోన్ మొన్న వచ్చాడు. ఖాల్కిస్‌లో నువ్వు త్రాసోన్ తమ్ముడి ఇంట్లో భోంచేస్తుండగా చూశాడట. "ఏం పెట్టారు?" అని అడిగాను. "వేయించిన పీతలు" అన్నాడు. ఎర్ర అంచు దుప్పటి కప్పే ఊరు ఈ చుట్టుపక్కల ఒక్క ఓర్థియానే అని నాకు తెలియదనుకున్నావా? పాటని ఆధారం చేయొద్దని, మరుగునే ఉండనివ్వమని ఎందుకన్నావో ఇప్పుడు తెలిసింది. మా అక్క పోయేటప్పుడు నిన్ను నా ఒళ్ళో పెట్టింది. నాలుగు పీతలకి అమ్ముడుపోతావని తెలిస్తే నేనే పీతలు పట్టి పెట్టేవాణ్ణి.

సరే, నీ సాయం మాకక్కర్లేదు. థీబ్స్ నుంచి ఫానియాస్ అనే పాటగాణ్ణి పండుగకి పిలిపించాను. ఆ ముక్క చీటీ నీకొచ్చి నువ్వు ఎగ్గొట్టినా, అందుకుని ఆయన పాడతాడు. ముందుగానే ఒక కడవ తేనె పంపాను, ముట్టినట్టు కబురొచ్చింది. పోయిన వారం హేరా తల్లి బలిపీఠం మీద చెయ్యి పెట్టి, తొమ్మిదూళ్ళ పెద్దల ముందు ఒట్టు కూడా వేశాను. "పాట ఏం చెబితే అదే తీర్పు, క్రేనా కట్టుబడుతుంది" అని. త్రాసోన్ కూడా వేశాడు. వాడి మొహంలో నవ్వు చూసి నాకు ఒళ్ళు మండింది.

నువ్వు లేకపోయినా తాత దినం ఆగలేదులే. ఊట దగ్గర పదకొండుమంది కడవలు ఎత్తుకున్నారు. కుమ్మరి బోయిస్కోస్‌కి సగం కొండెక్కేసరికి చెవి వెనక నానిన శనగ తగిలింది. "ఎవడ్రా అది" అని వెనక్కి తిరిగాడు. ఇంకేముంది, తల తిప్పాడు కాబట్టి నీళ్ళు పారబోసి మళ్ళీ ఊట దగ్గర్నుంచి మొదలు. అలా మూడుసార్లు దిగి ఎక్కాడు. మూడోసారి కొట్టింది వాడి పెళ్ళామే. మీ అత్త మాత్రం నలభయ్యో ఏడు కూడా తల తిప్పలేదు, చుక్క ఒలకలేదు. ఆవిడ మీద శనగలు విసిరే ధైర్యం ఊళ్ళో ఎవరికైనా ఉండేది ఏడాదికి ఆ ఒక్క పూటే. పైన సమాధి దగ్గర ఎప్పటిలా నేనే కడవలు అందుకున్నాను.

అత్తిపళ్ళు నేను తినేశాను. అన్నీ.

స్మికోన్


ఖాల్కిస్ రేవు
తర్వాతి నెల, అమావాస్య దాటిన ఐదో రోజు

మామయ్యా,

నువ్వు పిలవకపోయినా నేను నీ "ఒరేయ్" నే.

దుప్పటి ఇచ్చింది ఈ ఊరి నేత పనివాళ్ళు. ఎర్ర నూలు చవకగా దొరికిందని ఈ ఏడు అందరికీ ఎర్ర అంచే నేశారు. రేవులో కుక్కల గుడ్డలకి కూడా ఎర్ర అంచే. త్రాసోన్ తమ్ముడి ఇంట్లో నూట ఇరవైమంది భోంచేశారు, వాడి కూతురి పెళ్ళి. నన్ను పాటకి పిలిచారు. పీతలు తిన్న మాట నిజమే. బాగున్నాయి.

ఇప్పుడు రాయబోయేది ఎదురుగా కూర్చుని చెప్పాల్సిన మాట. నువ్వు ఒట్టు వేశావు కాబట్టి ఇక దాచలేను.

నేను మన ఊళ్ళో పాడేది సగమే. తాత మీద పాటలో ఉన్నది రెండు పాదాలు.

ఊటల నేలవాడు థెరిమోస్ ఏటి గట్టున ఒరిగెను,
వీపున దిగిన ఈటె మొన రొమ్మున మెరిసెను.

అంతే. ఎవరినీ చంపలేదు. దెబ్బ వీపున తగిలింది. యుద్ధం జరుగుతున్నది ఓడల దగ్గర, ఆయన పడింది ఏటి గట్టున. వీపున గాయమంటే మన దేశంలో ఏమంటారో నీకు చెప్పక్కర్లేదు. పారిపోతూ చచ్చాడంటారు. ఇది మా గురువు దగ్గర నేర్చుకున్నప్పుడు నాకు పన్నెండేళ్ళు. ఆ వారం ఇంటికొస్తే నువ్వు ఊరినంతా వాకిట్లో కూర్చోబెట్టి, "మావాడు తాత పాట పాడతాడు" అన్నావు. మీ అందరి మొహాలూ చూశాను. మొదటి పాదం పాడి ఆపేశాను. నువ్వు కళ్ళు తుడుచుకున్నావు. ఆ తర్వాత రెండోది పాడటానికి నోరు రాలేదు. పదేళ్ళయింది.

అందుకే మరుగున ఉండనివ్వమన్నాను. ఫానియాస్‌ని ఆపు మామయ్యా, తేనె పోతే పోయింది. నన్ను తిట్టాలనిపిస్తే తిట్టు. తినాలనిపిస్తే ఇంకా అత్తిపళ్ళు తిను.

దామాస్


క్రేనా
మంచు కరిగే నెల, ఎన్నో రోజో చూడలేదు

ఒరేయ్,

నీ రేకు రావడానికి నెలన్నర పట్టింది. డెక్సోన్ గాడిద కాలు విరగ్గొట్టుకుంది. అది విరగ్గొట్టుకోవాల్సింది వచ్చేటప్పుడు కాదు, నీ గురించి వాడు చెప్పడానికి బయలుదేరినప్పుడు.

ముందు తప్పు ఒప్పుకుంటున్నాను. పీతల గురించీ దుప్పటి గురించీ అన్న మాటలు వెనక్కి తీసుకున్నాను. అత్తిపళ్ళు తినేశానన్నది కూడా అబద్ధం. మీ అత్త ఎక్కడ దాచిందో ఇప్పటికీ నాకు తెలియదు.

రెండు రోజులు అన్నం సయించలేదు. సమాధి దగ్గరకి వెళ్ళి కూర్చున్నాను. "ఏం తాతా, ఇదేనా నువ్వు చేసింది" అని అడిగాను. నా నోటితోనే ఒట్టు వేసి నా ఊరి గోతిని నేనే తవ్వాను. పారిపోయినవాడికి మొక్కే ఊరి మాట పెద్దలు ఎందుకు వింటారు? అడుసు తొక్కనేల, కాలు కడగనేల అని మా అమ్మ ఊరికే అనలేదు.

మీ అత్తకి చెబితే, "ఏడుపెందుకు, ఆయన ఏటి దగ్గరకి ఎందుకెళ్ళాడో నీకు తెలుసా?" అంది. "దాక్కోవడానికి" అన్నాను. ఆవిడ ఏదో ఆలోచనలో పడి పొయ్యి మీది కుండలో పిండి మాడ్చేసింది. మా పెళ్ళయ్యాక ఆవిడ పిండి మాడ్చడం ఇదే మొదలు.

ఫానియాస్ రాడు. నా తేనె తిని కడుపు నొప్పితో పడుకున్నాడట. ఆ చీటీ నీకొస్తే నాదొక్కటే కోరిక. రెండో పాదం మింగెయ్. పదేళ్ళు మింగావు, ఇంకొక్కసారి. ఆ ముక్క పాడేవాళ్ళే తక్కువని నువ్వే రాశావు, ఎవరు గుర్తుపడతారు?

నేను పండుగకి రావట్లేదు. మోకాలి నొప్పని అందరికీ చెప్పాను. నీకు నిజం చెబుతున్నాను, చూడలేను. మీ అత్త ఊరి ఆడవాళ్ళతో బండిలో వస్తోంది. మొండిది, కడవ కూడా తెస్తానంటోంది. నేను ఇక్కడ తాత దగ్గరే ఉంటాను. తీసుకుపోవడానికి వచ్చినప్పుడు మనవాడొకడైనా పక్కనుండాలి కదా.

మామ


హేరా తల్లి గుడి
పూల నెల, పండుగ రెండో రోజు సాయంత్రం

మామయ్యా,

కూర్చుని చదువు. తాత ఎక్కడికీ వెళ్ళడం లేదు.

నిన్న చీటీలు తీశారు. ఏటి ముక్క నాకే వచ్చింది. నువ్వు చెప్పినట్టు మింగుదామనే లేచాను, అబద్ధమెందుకు. పెద్దలు తొమ్మిదిమంది ముందు వరసలో, త్రాసోన్ తన బొమ్మని బండిమీద తెచ్చి పక్కనే నిలబెట్టాడు. మొదటి పాదం పాడాను. మనవాళ్ళు "అదిగో" అనుకుంటూ ఒకరినొకరు పొడుచుకోవడం కనపడింది. సరిగ్గా మన వాకిట్లో పన్నెండేళ్ళప్పుడు చూసిన మొహాలే. అప్పుడు నాకు సిగ్గేసింది. సగం పాటతో గెలిచి, ఆ సమాధి మీద నువ్వు ద్రాక్షరసం పోస్తూ బతకాలి. నాకొక్కడికే తెలిసినప్పుడు ఎలాగో మోశాను. ఇప్పుడు నీకూ తెలుసు. రెండో పాదం పాడేశాను.

త్రాసోన్ పగలబడి నవ్వాడు. "వీపునా? ఏట్లో దూకి దాక్కుందామని పరుగెత్తాడన్నమాట. అలాంటి పిరికివాడు మా ఊళ్ళో పుట్టడు. మా బొమ్మ చూడండి, గాయం గుండెల్లో ఉంది. వీడు మావాడు కాదు. క్రేనావాళ్ళనే ఉంచుకోమనండి" అన్నాడు. పెద్దలు మూడుసార్లు అడిగారు, "ఒట్టు మీద చెబుతున్నావా?" అని. మూడుసార్లూ చెప్పాడు.

అలా గెలిచాం మామయ్యా, తలొంచుకుని. జనం మనవాళ్ళ వైపు చూసి నవ్వుతున్నారు. బోయిస్కోస్ మొహం గుడ్డలో దాచుకున్నాడు. నేను వేదిక దిగలేక అక్కడే నిలబడిపోయాను.

అప్పుడు మిర్తో అత్త లేచింది. చంకలో కడవ. తిన్నగా పెద్దల ముందుకొచ్చి, "అయ్యా, నాకొక అనుమానం. ఈ ముక్కకి ముందు పాటలో ఏముంది?" అంది. ఆడది అలా అడగడం ఎవరికీ నచ్చలేదు గాని, ముసలి పెద్దొకాయన నన్ను పాటని ఇంకా ముందునుంచి అందుకోమన్నాడు. పాడాను. ఓడల దగ్గర గాయపడ్డవాళ్ళు దాహం దాహమని కేకలు వేస్తారు. ఆ తర్వాత పన్నెండుమంది చావులు. ఆ తర్వాత మన తాత. ఆ కేకలకీ ఈ పేరుకీ మధ్య అన్ని చావులు ఉండటంతో నేనే కాదు, మా గురువు కూడా రెండిటినీ ఎప్పుడూ కలిపి చూడలేదు.

అత్త కడవ భుజానికెత్తుకుంది. ఖాళీది కాదు, మన ఊట నీళ్ళతో నింపి మూత కట్టి తెచ్చింది. "నలభై ఏళ్ళుగా తాత దినాన నేను ఇలా కొండెక్కుతున్నాను. వెనకనుంచి ఊరంతా శనగలు పెట్టి కొడతారు. వెనక్కి తిరిగితే నీళ్ళు పారబోసి మళ్ళీ మొదలు. ఎందుకని మా అత్తని అడిగితే, 'మా అత్త చేసింది, నేను చేశాను, నువ్వు చెయ్యి' అంది. ఆటనుకున్నాను. దాహమన్నవాళ్ళకి నీళ్ళు పట్టుకెళ్ళేవాడు వెనకనుంచి ఈటె వస్తుంటే ఏం చేస్తాడయ్యా? తిరిగితే నీళ్ళు పోతాయి. పరుగెత్తినా పోతాయి. వీపున కాక ఇంకెక్కడ తగులుతుంది?" అంది.

ఆ ముసలాయన లేచి నిలబడ్డాడు. తర్వాత మిగతా ఎనిమిదిమందీ. నేను దుప్పటి అంచుతో కళ్ళు తుడుచుకున్నాను. ఏడవలేదు, థైమ్ ఆకు ఘాటు.

త్రాసోన్ మళ్ళీ లేచి, "అలాగైతే ఆయన మావాడే" అన్నాడు. చుట్టూ నవ్వులు. ఆ ముసలాయన, "నాయనా, మూడుసార్లు ఒట్టేశావు. ఆ బొమ్మకి ఇంకో పేరు వెతుక్కో" అన్నాడు. నవ్విన నాపచేనే పండుతుందంటే ఇదే.

రెండు పాదాలూ రాతిమీద చెక్కి మన ఊరికి పంపుతారట. చెక్కేదాకా నేనిక్కడ ఉండాలి, అక్షరాలు సరిచూడాలి. నాకు మూడో బహుమతి వచ్చింది, మేకతోలు. నీ మోకాలికి పనికొస్తుంది. నువ్వు మింగెయ్యమన్న మాట వినలేదు. ఇంటికొచ్చాక ఎంతైనా తిట్టు.

దామాస్


క్రేనా
పూల నెల, పున్నమి

ఒరేయ్ అల్లుడా,

నీ రేకు చేతికి రాకముందే మీ అత్త బండి దిగింది. ఆవిడ చెప్పింది విని, నువ్వు రాసింది చదివి, రెండూ కలిపితే నిజం తేలింది. ఆవిడ లెక్కలో త్రాసోన్ మోకాళ్ళ మీద పడ్డాడు, నువ్వు వెక్కి వెక్కి ఏడ్చావు. థైమ్ ఆకు కథ ఇంకెవరికైనా చెప్పు.

తిట్టను. మింగమన్నవాణ్ణి నేను, కక్కినవాడివి నువ్వు, అసలు సంగతి గ్రహించింది పిండి మాడ్చిన మనిషి. ఈ ఇంట్లో నా ఒక్కడికే బుర్ర లేదని తేలిపోయింది.

ఒక సంగతి రాయాలి. ఊరంతా సంబరం ఆపుకోలేక, దినం కాకపోయినా మళ్ళీ కడవలెత్తుదామన్నారు. నలభై ఏళ్ళూ నేను పైన నిలబడి అందుకున్నవాణ్ణే గాని, ఒక్కసారీ మోసినవాణ్ణి కాదు. మొన్న నేను మోశాను. మోకాలు ఏడ్చింది, ఏడవనిచ్చాను. శనగలు విసిరింది మీ అత్త. నలభై ఏళ్ళ బాకీ ఒక్క పూటలో తీర్చుకుంది. ఆవిడ గురి ఎలాంటిదో నా వీపు చెబుతుంది, వచ్చాక చూద్దువుగాని.

సమాధి దగ్గర ద్రాక్షరసం పక్కన పెట్టి, ఆ నీళ్ళే పోశాను. అందరికీ తెచ్చిచ్చిన మనిషికి మనం ఎప్పుడూ నీళ్ళివ్వలేదురా. రాయి తాగేసింది, ఒక్క చుక్క కిందికి జారలేదు.

కొండెక్కుతుండగా సగం దారిలో వెనక ఎవరో గొంతెత్తి పాడుతున్నట్టు వినిపించింది. నువ్వే వచ్చేశావేమో అనిపించింది. తిరిగి చూద్దామా అని ప్రాణం కొట్టుకుంది, దామాస్. పదేళ్ళు నువ్వు ఎంత మోశావో నాకప్పుడు తెలిసింది.

తిరగలేదు. చుక్క ఒలకలేదు.

త్వరగా రా. వచ్చేటప్పుడు ఎదురుగా, నేను చూసేలా రా. అత్తిపళ్ళు దొరికాయి. సగం నీకుంచాను.

నీ మామ స్మికోన్